కౌసల్యమ్మ దూత

నాచారం చెరువు పొంగి గల్లీలల్ల పడవలు తిరిగిన ఏడాదికి మూడో ఏడు జరిగిన ముచ్చట ఇది. ఆ వరదను ఈ దిక్కు ఎవరూ తారీఖు పెట్టి చెప్పరు. పిల్ల ఎప్పుడు పుట్టిందంటే వరదకు ముందు అంటరు. ఫ్రిజ్ ఎప్పుడు కొన్నరంటే పాతది వరదల పోయినంక అంటరు. బిక్షపతి ఇంట్ల మాత్రం ఆ వరదకు వేరే పేరుంది. "దూత వచ్చిన దినం" అంటది ఆయన భార్య కౌసల్యమ్మ.

బిక్షపతి ఇండస్ట్రియల్ ఏరియాల గేట్లు, గ్రిల్లులు వెల్డింగ్ జేసి జేసి ముసలోడైన మనిషి. మాట తక్కువ. వెల్డింగ్ కాడ నోరు తెరిస్తే రవ్వలు పడ్తయని చిన్నప్పుడే మూసిండు, మళ్ల తెరవలే అని దోస్తులు నవ్వుతరు. కౌసల్యమ్మకు ఆ ఫికర్ లేదు. ఇద్దరి వంతు మాటలూ ఆమెనే మాట్లాడ్తది. సంసారం అట్ల సాఫీగనే నడిచింది.

వాళ్లు పోయే మందిరం రేకుల కప్పుది, చిన్నది. ఆదివారం పాటలైనంక, వాక్యానికి ముందు, సాక్ష్యాలు చెప్తరు. దేవుడు మేలు జేస్తే లేచి నిలబడి నలుగురికి చెప్పాలె, లోపట దాచుకోవద్దు. అది అక్కడి రివాజు. ఒకరికి జ్వరం తగ్గింది, ఒకరికి పోయిన ఫోన్ దొరికింది. అందరి సాక్ష్యాలు ఒక ఎత్తు, కౌసల్యమ్మ సాక్ష్యం ఒక ఎత్తు.

"పీకల దాక నీళ్లు. కిటికీ ఊచలు పట్టుకొని ఏలాడుతున్న. కరెంటు లేదు, కన్ను పొడుసుకున్నా కనపడ్తలేదు. నేను పాట పాడుతున్న, ప్రభువును స్తుతిస్తున్న. అప్పుడొచ్చిండు నా దూత. బంగారు వస్త్రం. చేతిల అగ్గి. ఆయన వస్తుంటే బుస్సుమని చప్పుడు. ఆయన ఒంటికెల్లి దహనబలి వాసన. నన్ను పూవు లెక్క ఎత్తిండు."

ఆమె చెప్తుంటే ఆడోళ్లు కండ్లు తుడుసుకునేది. ఈ సాక్ష్యం పేరు వడ్డది. అంబర్‌పేట్ మందిరపోళ్లు పిలిచిన్రు, ఏఎస్ రావు నగర్ల మైకు పెట్టి చెప్పించిన్రు. నాచారంల ఆరడుగులున్న దూత అంబర్‌పేట్ పోయేసరికి ఏడడుగులైండు. జవహర్‌నగర్ల ఆయనకు రెక్కలు గూడ వచ్చినయి. పక్కన కూసున్న బిక్షపతి ఆ రెక్కల కాడ ఒక్కసారి దగ్గిండు. కౌసల్యమ్మ ఆయనకు నీళ్ల సీసా అందిచ్చి, ముచ్చట ఆపకుంట చెప్పుకుంట పోయింది.

అసలు జరిగింది బిక్షపతికి ఎరుక.

ఆ దినం పొద్దుగూకంగ చెరువు నీళ్లు గల్లీలకు ఉరికినయి. బిక్షపతి ప్రహరీ గోడ ఎక్కిండు. భార్య చెయ్యి పట్టి గుంజుదామనే లోపట నీళ్లు ఆమెను కిటికీ దిక్కు కొట్టినయి. గోడ మీద బోర్ల పండుకొని చెయ్యి చాపిండు. జానెడు అందలే. పెండ్లైనప్పటి సంది మందిరానికి పోతుండు గని, ఎన్నడూ నోరు తెరిచి ప్రార్థన జేసినోడు కాదు. అదంత కౌసల్యమ్మ డిపార్ట్‌మెంటు. ఆ పొద్దు చేసిండు. "ప్రభువా" అన్నడు. తర్వాత మాట దొరకలే. అంతనే ప్రార్థన.

గల్లీ మూల మీద తెల్లారినట్టయింది. ఎవడో పొట్టి మనిషి, నెత్తికెల్లి పసుపు తాటిపత్రి పట్టా కప్పుకున్నడు. చిన్న సిలిండరు మెడకు తగిలిచ్చుకొని, ఒక చేతిల సంచి, ఇంకో చేతిల గ్యాస్ మంట బుస్సుబుస్సుమనుకుంట నీళ్లల్ల నడుసుకుంట వస్తున్నడు. గోడ కాడికి వచ్చి, "అన్నా, జర ఇది పట్టు" అని మంట, సిలిండరు బిక్షపతి చేతిల పెట్టిండు. సంచిని నీళ్లల్ల ఇడిసిపెట్టి, ఆమెను వీపు మీద ఏసుకొని మిట్ట మీదున్న బడి మెట్ల కాడ దించిండు. మళ్ల వచ్చి మంట తీసుకున్నడు. "లోపట ఇంకెవరన్న ఉన్నరా?" అని అడిగి, ఎవరు లేరంటే ముందరి ఇంటికి పోయిండు. ఆయన దగ్గర కాలిన బొచ్చు వాసన గుప్పుమన్నది.

తెల్లారేసరికి కౌసల్యమ్మ పాస్టర్ అయ్యగారికి దూత ముచ్చట మొత్తం చెప్పేసింది. కండ్లద్దాలు వరదల పోయినయి, ఆమెకు మొఖం ఎట్ల ఆనుతది. ఆమె ఆగితే చెప్దామనుకున్నడు బిక్షపతి. ఆమె ఆగలే. మళ్ల ఆదివారం చెప్దామనుకున్నడు, అప్పటికి ఆడోళ్లు ఏడుస్తున్నరు. ఇంకో కారణం గూడ ఉండె. వచ్చినోడు మనిషే అని చెప్తే, దేవుడు రాలేదన్నట్టు అయితది. గని తను "ప్రభువా" అన్న మాటకూ, మూల మీద మంట తిరిగినదానికీ నడుమ ఊపిరి పీల్చుకునేంత సందు గూడ లేకుండె. మనిషి వచ్చిండు, దేవుడే వచ్చిండు, రెండూ నిజమే. అది చెప్పాల్నంటే మస్తు మాటలు కావాలె. ఆయన కాడ అన్ని లేవు.

వరద పోయిన మరుసటేడు మందిరం గేటు పక్కకు ఒక బండి వచ్చి ఆగింది. పోశయ్య అనేటోని బండి. మేక తలకాయ, కాళ్లు తెచ్చిస్తే గ్యాస్ మంట మీద బొచ్చు కాల్చి, గీకి, ముక్కలు కొట్టి ఇస్తడు. ముందుగాల నాచారం చౌరస్తాల ఉండె. రోడ్డు వెడల్పు జేస్తున్నరని లేపిన్రు. ఉప్పల్ పోయిండు. అక్కడ ఫ్లైఓవర్ గుంజలు లేస్తున్నయని లేపిన్రు. బిడ్డ గౌతమి ఇంటర్ చదువుతుంది, ఇల్లు చిలుకానగర్ల. ఈ జాగ గూడ పోతే ఇంక బండి పెట్టనీకి జాగ లేదని వచ్చినోళ్లకల్ల చెప్తుండె.

బిక్షపతి మొదటి దినమే గుర్తు పట్టిండు. పోయి బండి పక్కన నిలబడ్డడు.

"తలకాయనా అన్నా?" అన్నడు పోశయ్య.

"కాదు."

"కాళ్లా?"

"కాదు."

"మరేంది?"

"ఏం లేదు."

జర సేపు మంట చూసి వచ్చిండు. వచ్చే ఆదివారం మళ్ల పోయిండు. మళ్ల గదే. పోశయ్యకు ఇది అలవాటైపోయింది. "మా ఏం లేదన్న వచ్చిండు" అని స్టూలు జరిపి, చాయ్ పోసేది. ఆయన ఈయనను గుర్తు పట్టలే. వరద దినం ఎందర్ని మోసిండో, మోసేటోడు మొఖాలు చూస్తడా?

కత ఇక్కడిదాక బాగనే ఉంది. లొల్లి ఆదివారం పూట పొగతోని వచ్చింది. ఆదివారమే జనం మందిరానికి వచ్చేది, ఆదివారమే జనం తలకాయ తెచ్చేది. పోశయ్య మంట పెట్టంగనే బొచ్చు కాలిన పొగ కిటికీలకెల్లి లోపటికి వచ్చి రేకుల కింద గూడు కట్టేది. పాట ఎత్తుకున్నోళ్లు దగ్గేది. పాస్టర్ గిరిప్రసాద్ అయ్యగారు వాక్యం నడుమ కండ్లు నలుపుకునేది. అందరికంటె ఎక్కువ గోల కౌసల్యమ్మది.

"దేవుని ఇంట్ల ఈ కంపు ఏంది? వాన్ని ఇక్కడికెల్లి లేపాలె" అన్నది.

మందిరం సెక్రటరీ రామ్మోహనరావు గారు. తెనాలి దిక్కు మనిషి, రిటైరైన క్లర్కు, పని ఏదైనా కాగితం మీద పెట్టందే నిద్రపోడు. బండి తీసెయ్యాలని మున్సిపాలిటీకి అర్జీ రాసిండు. ఆ ఆదివారం ఆరాధన అయినంక అందరూ సంతకం పెట్టాలె అని చెప్పిండు. "పోలీసోళ్లతో కూడా మాట్లాడాను. సోమవారం కాగితం ఇస్తే మంగళవారానికి బండి ఉండదు" అన్నడు.

బిక్షపతి ఆ ఆరాధన అంతట ఒక్క పాట గూడ పాడలే. మామూలుగ గూడ పాడడు గని, ఆ దినం పెదవులు గూడ కదపలే. కిటికీలకెల్లి పోశయ్య కనపడ్తుండె. బండి సుట్టు జనం. ఒగనికి కాళ్లు కొట్టి ఇచ్చుకుంట, ఇంకొగనితోని పరాచికాలు ఆడుకుంట.

అర్జీ వరుసల మీద పోయింది. ఆడోళ్ల దిక్కు కౌసల్యమ్మనే మొదటి సంతకం పెట్టింది. మొగోళ్ల దిక్కు తిరుక్కుంట బిక్షపతి చేతికి వచ్చింది. రామ్మోహనరావు గారే స్వయంగ పెన్ను ఇచ్చిండు.

"ఇక్కడ పెట్టండి బిక్షపతి గారూ. అంతా రాయక్కర్లేదు, పొట్టి సంతకం చాలు."

బిక్షపతి పెన్ను పట్టుకున్నడు. మూడో తరగతి దాక సదివిన చెయ్యి, పేరు రాసేదే కష్టం మీద. పెన్ను మూత పెట్టి తిరిగి ఇచ్చిండు.

"నేను పెట్టను."

"ఎందుకండీ?"

బిక్షపతి లేచి నిలబడ్డడు. మందిరంల ఆయన లేచి నిలబడ్డది పాస్టర్ అయ్యగారు ఎన్నడూ సూడలే. ప్రార్థనకు అందరు లేస్తే గోడకు ఒరిగే మనిషి.

"కౌసల్య దూత బయట తలకాయ కాలుస్తున్నడు" అన్నడు.

అని కూసున్నడు.

ముందుగాల నవ్వింది అరుణకుమారి గారు, సెక్రటరీ భార్య. తర్వాత నవ్వు ఆపుకొని కౌసల్యమ్మ దిక్కు చూసింది. కౌసల్యమ్మ మొఖం పెనం లెక్క అయింది.

"ఏం మాట్లాడుతున్నవయ్యా?"

"వరద దినం వచ్చినోడు ఆ పోశయ్యనే. మంట నేను పట్టుకున్న."

"నా దూత ఆరడుగులుండె."

"నువ్వు నీళ్లల్ల ఉంటివి. కింది నుంచి చూస్తే అందరు ఆరడుగులే."

ఇన్ని మాటలు ఒక్కపారి ఆయన నోట్లకెల్లి వచ్చుడు పెండ్లి తర్వాత ఇదే కావచ్చు. పాస్టర్ అయ్యగారు మైకు పక్కన పెట్టి గేటు దిక్కు నడిచిండు. కాసేపటికి పోశయ్యను ఎంబడి పెట్టుకొని వచ్చిండు. చెప్పులు విడిచి, చేతులు లుంగీకి తుడుసుకుంట, గడప కాడనే నిలబడ్డడు పోశయ్య. బండి లేపుతరని ఆయనకు ముందే కబురు అందింది.

"అయ్యా, దండం. పొగ మీకు ఇబ్బందైతుందని ఎరుకనే. జర సమయం ఇయ్యిన్రి. యాడన్న జాగ చూసుకుంట" అన్నడు.

"అది తర్వాత మాట్లాడుదాం పోశయ్యా. పెద్ద వరద దినం నువ్వు యాడున్నవ్?"

"గీ కింది గల్లీలనే అయ్యా. ఎందుకు?"

కౌసల్యమ్మ లేచి ఎదురుంగ వచ్చి నిలబడ్డది. కింది నుంచి మీది దాక చూసింది. మీది దాక చూసుడు తొందరగనే అయిపోయింది, మనిషి ఆమె భుజం కాడికి వస్తడు.

"ఎవరన్న ఆడమనిషిని కిటికీ కాడికెల్లి మోసినవా?"

"ముగ్గురు నలుగుర్ని మోసిన అక్కా."

"కిటికీ ఊచలు పట్టుకొని, పాటలు పాడిన ఆమె."

పోశయ్య గదుమ గీక్కున్నడు. "పాటలు పాడినోళ్లు ఎవరు లేరక్కా. ఒకామె మాత్రం నా చెవు పట్టుకొని గుంజుకుంట 'నా కుక్కరు, నా కుక్కరు, పొయ్యి మీద కుక్కరుండె' అని బడి మెట్ల దాక మొత్తుకున్నది. గిదో, చెవు కాడ గీరుకపోయింది, ఇంక మచ్చ పోలే."

మందిరం మొత్తం ఒక్కపారి నవ్వింది. పాస్టర్ అయ్యగారు గూడ రుమాలు మూతికి అడ్డం పెట్టుకున్నడు. బిక్షపతి నవ్వలే. ఆయన కౌసల్యమ్మ దిక్కే చూస్తుండె. ఇంట్ల ఆ కుక్కర్ కోసం వరద తర్వాత నెల రోజులు ఏడిసింది ఆమె. ఇప్పుడు కండ్లు కిందికి ఏసుకొని నిలబడ్డది, చెవుల కమ్మలు అదురుతున్నయి. అది చూస్తే బిక్షపతికి, ఆమె కిటికీ ఊచలు పట్టుకొని ఏలాడినప్పుడు పుట్టిన భయం మళ్ల పుట్టింది.

"అయ్యగారూ, అయితే నేను మూడేండ్ల సంది చెప్పింది అబద్ధమా?" అన్నది చిన్నగ. "దేవుడు రాలేదా నాకు?"

అయ్యగారు పోశయ్య దిక్కు తిరిగిండు.

"నువ్వు ఆ దినం ఆ గల్లీలకు ఎందుకు పోయినవ్? నీ ఇల్లు చిలుకానగర్ల గదా."

"అవునయ్యా. నేను బండి మూసేసి మిట్ట మీదికి వచ్చేసిన. ఉప్పల్ దిక్కు మలిగిన గూడ. నడుమ యాదికి వచ్చింది. పొద్దున ఒక సారు స్కూటర్ మీద వచ్చి, హెల్మెట్ గూడ తియ్యకుంట తలకాయ ఇచ్చిండు, గంటల వస్త అని పోయిండు, రాలే. వానల ఎట్ల వస్తడు పాపం. మా ఇంట్ల పెడ్దామంటే ఫ్రిజ్ లేదు, తెల్లారేసరికి చెడిపోతది. మంది సొమ్ము గదా. ఇల్లు ఈ కింది గల్లీల అని చెప్పి ఉండె. సరే, పోంగ పోంగ ఇచ్చి పోదామని మళ్లిన."

"ఎవరు ఆ సారు?"

"పేరు ఎరుక లేదయ్యా. మాట మన దిక్కుది కాదు. తలకాయ ఇచ్చి మూడు సార్లు చెప్పిండు, 'నాలుక వేరుగా కొయ్యాలయ్యా, నాలుక వేరుగా' అని."

ఆడోళ్ల దిక్కుకెల్లి అరుణకుమారి గారి గొంతు వచ్చింది. "ఏవండీ, అది మనదే కదా. మా తమ్ముడు జగన్మోహన్ వచ్చాడని మీరే తీసుకెళ్లారు. ఆ రోజు వాడికి పప్పుచారు పోశాను."

రామ్మోహనరావు గారు అర్జీ చేతిల పట్టుకొని అట్లనే నిలబడ్డడు. పోశయ్య ఆయనను చూసి, కండ్లు చిన్నగ జేసి, గుర్తు పట్టి, చేతులు జోడిచ్చిండు.

"సారూ, మీరేనా? మీ తలకాయ మీకు ఇయ్యలేకపోయిన. ఈ అక్కను ఎత్తుకోవాల్నంటే దాన్ని ఇడిసిపెట్టాల్సి వచ్చె. నీళ్లల్ల పోయింది. తర్వాత మీకోసం చూసిన గని మీరు మళ్ల చౌరస్తా దిక్కు రాకపోతిరి."

"పర్వాలేదయ్యా" అన్నడు రామ్మోహనరావు గారు. అర్జీ దిక్కు చూసుకుంట, "పర్వాలేదు" అని మళ్ల అన్నడు.

ఈసారి మందిరంల ఎవరూ నవ్వలే. పాస్టర్ అయ్యగారు కౌసల్యమ్మ కాడికి వచ్చిండు. "అమ్మా, రెక్కలున్నోన్ని పంపాల్నంటే దేవునికి పెద్ద పనేం కాదు. గని నీకు రెక్కలున్నోడు అవసరం లేకుండె, నీళ్లల్ల నడిచేటోడు కావాల్నుండె. వాడు ఉప్పల్ దిక్కు పోతుండె. వాన్ని మళ్లియ్యాలె. సెక్రటరీ గారి తలకాయ పట్టుకొని దేవుడే మళ్లిచ్చిండు. నువ్వు చెప్పింది అబద్ధం గాదు. జర పొడుగు ఎక్కువైంది, అంతే."

కౌసల్యమ్మ కొంగుతోని మొఖం తుడుసుకున్నది. పోశయ్య దిక్కు తిరిగింది. ఆమె గొంతు మెల్లగ దారికొచ్చింది. "కుక్కరు గూడ దేవుడు ఇచ్చిందే గదా తమ్మీ. అడిగితే తప్పా?"

"తప్పేం లేదక్కా. గని చెవు గుంజుడు తప్పు."

"మరి ఇన్నేండ్లు గేటు కాడనే ఉంటివి, ఒక్కనాడన్న చెప్పకపోతివి."

"నాకేం ఎరుక అక్కా, లోపట నా ముచ్చటనే నడుస్తున్నదని? మీ ఏం లేదన్న చెప్తే గదా." బిక్షపతి దిక్కు చూసి ముసిముసి నవ్వు నవ్విండు. "అన్నా, ఏం లేదు ఏం లేదు అనుకుంట ఇంత పెట్టుకున్నవా కడుపుల?"

బిక్షపతి రెండు చేతులు జోడిచ్చిండు. ఆ దండం మూడేండ్ల కింద పెట్టాల్సింది. పోశయ్యకు ఆ మర్యాద ఎట్ల పట్టాల్నో తెల్వక, "గిరాకీ ఆగుతుందయ్యా" అని గబగబ బయటికి పోయిండు.

రామ్మోహనరావు గారు అర్జీని నాలుగు మడతలు పెట్టి జేబుల ఏసుకున్నడు. అది మళ్ల ఎవరికీ కనపడలే. అయితే పొగ మాట అట్లనే ఉంది. దూత అయినంత మాత్రాన పొగ కంట్ల మండకుంట ఉంటదా? పసిపిల్లలు దగ్గుతనే ఉన్నరు. బండి ఉండాలె, పొగ రావద్దు, ఎట్ల అని పెద్దలు గేటు కాడ నిలబడి చాన సేపు మాట్లాడిన్రు. ఏం తెగలే. వచ్చే ఆదివారం చూద్దామని ఇండ్లకు పోయిన్రు.

ఆ పొద్దు ఇంట్ల కౌసల్యమ్మ అన్నం పెట్టుకుంట అన్నది, "ఇన్నేండ్లు నోరు మూసుకొని కూసున్నవ్."

"నువ్వు ఆగలే" అన్నడు బిక్షపతి.

ఆమె ఏమో అనబోయి ఆగింది. ఆ ఆగిన సందుల ఆయన ఆమెకు తన ఒక్క మాట ప్రార్థన ముచ్చట చెప్పిండు. "ప్రభువా" అన్నది, మూల మీద మంట తిరిగింది. ఆమె చెయ్యి అన్నంలనే ఉండిపోయింది. వచ్చే ఆదివారం ఇది గూడ చెప్తవా అని ఆమె అడగలే. నేను చెప్తనని గూడ అనలే.

తెల్లారి సోమవారం బిక్షపతి పొద్దుగాలనే లేచి మల్లాపూర్ పాత సామాన్ల దుకాణానికి పోయిండు. ఒక పాత రేకు, ఇంత పొడుగు ఇనుప గొట్టం ఏరి సైకిల్‌కు కట్టుకొని వచ్చిండు. తను పని జేసిన పాత షెడ్డు ఓనరును అడిగి వెల్డింగ్ మిషను తెచ్చిండు. పోశయ్య వచ్చేసరికి బండి పక్కన కూసొని రేకును గొడుగు లెక్క వంచుతున్నడు.

"ఏందన్నా ఇది?"

"పొగగొట్టం."

పోశయ్య గొట్టాన్ని నిలబెట్టి పట్టుకొని మీదికి చూసిండు. "ఎంత ఎత్తు పెడ్దామే?"

బిక్షపతి గాలి ఎటు కొడ్తుందో చూసిండు. మందిరం కప్పు మీది సిలువను చూసిండు. వెల్డింగ్ అద్దం కండ్లకు దించుకున్నడు.

"దానికంటె జర కిందికి" అన్నడు.